కృష్ణా సహజ ప్రవాహం: కొలతకూ గణనకూ మధ్య

విజయవాడ వద్ద కృష్ణా ప్రవాహపు లెక్కలు 1894-95 నుంచి లభిస్తున్నాయి. అయితే అవి నది సహజ ప్రవాహాన్ని తెలిపేవి కావు. ఎగువన మళ్లించుకోగా మిగిలి ఆనకట్టను చేరిన నీటినే తెలుపుతాయి. మానవ వినియోగమే లేకుంటే నది ఎంత నీటిని తెచ్చేదన్నది కొలవగలిగినది కాదు, గణించవలసినది. రాష్ట్రాల వాటాలు ఈ గణనపైనే ఆధారపడి ఉన్నాయి.

గణన సూత్రం సరళమే. నమోదైన ప్రవాహానికి ఎగువ కాలువలు, ఎత్తిపోతల మళ్లింపులను కలపాలి. శ్రీశైలం వంటి జలాశయాలలో ఆ ఏడాది పెరిగిన నిల్వనూ, వాటి ఆవిరి నష్టాన్నీ చేర్చాలి. నిల్వ తగ్గితే ఆ మేరకు తీసివేయాలి. కోయనా విద్యుత్ కేంద్రం ద్వారా పడమటికి పోయే నీరు విజయవాడకు ఎన్నడూ చేరదు కనుక దానినీ కలపాలి. పట్టిసీమ నుంచి వచ్చే గోదావరి నీటిని మాత్రం మినహాయించాలి.

చిక్కంతా పునరుత్పత్తి జలాలతోనే. ఒక ఊహాత్మక ఉదాహరణ చూద్దాం. కొలత కేంద్రం వద్ద 300 టీఎంసీలు నమోదయ్యాయి. ఎగువన 100 మళ్లించగా, పొలాల నుంచి 15 తిరిగి నదిలో చేరాయి. ఆ 15 ఇప్పటికే 300లో ఉన్నాయి. కాబట్టి సహజ ప్రవాహం 400 కాదు, 385. ఆ 15ను మాత్రం ఎవరూ నేరుగా కొలవరు. మళ్లింపులో ఇంత శాతమని అంచనా వేస్తారు.

బచావత్ ట్రిబ్యునల్ 1894-95 నుంచి 1971-72 వరకు 78 ఏళ్ల లెక్కలను ఆధారం చేసుకొని, 75 శాతం విశ్వసనీయతతో 2060 టీఎంసీలను నిర్ధారించింది. అంటే నాలుగేళ్లలో సుమారు మూడేళ్లు ప్రవాహం అంతకు తగ్గదని అర్థం. పునరుత్పత్తి జలాలుగా మరో 70 టీఎంసీలను గుర్తించింది. ఈ రెండింటి మొత్తమైన 2130ని సహజ ప్రవాహంగా ఉటంకించడం తరచుగా కనిపించే పొరపాటు. ఒకసారి వాడిన నీరే దిగువన మళ్లీ వాడకానికి వస్తుంది కనుక 2130 పంపకానికి చెందిన సంఖ్య. వాన ఇచ్చిన నీటి పరిమాణం కాదు. బ్రిజేష్‌కుమార్ ట్రిబ్యునల్ 1961-62 నుంచి 2007-08 వరకు 47 ఏళ్ల శ్రేణితో అదే విశ్వసనీయతకు 2173 టీఎంసీలు తేల్చింది. శ్రేణి మారింది, వినియోగపు నమోదులూ మారాయి. కాబట్టి 113 టీఎంసీల తేడాను చూసి నదిలో నీరు పెరిగిందనడం తొందరపాటు.

అంతకన్నా లోతైన ఇబ్బంది మరొకటుంది. వినియోగం తక్కువగా ఉన్న పందొమ్మిదో శతాబ్దాంతంలో గణనలో అధిక భాగం కొలతే, సవరణ స్వల్పం. 2000 దశకపు తొలి కరువు సంవత్సరాలలో సముద్రాన్ని చేరిన నీరు దాదాపు శూన్యం. అప్పుడు గణన యావత్తూ సవరణే. సవరణలోని ప్రతి దోషమూ ఫలితంలోకి నేరుగా దిగుతుంది. పెద్ద కాలువలకు నమోదులున్నాయి గాని, చెరువుల కింది సాగుకు అంచనాలే దిక్కు. బోరుబావులు తోడే నీటిలో ఎంత భాగం వేసవిలో ఊటగా వాగులకు చేరవలసినదో తేల్చడం మరింత కష్టం. అందువల్ల ఏ సంవత్సరపు సహజ ప్రవాహాన్ని ఉటంకించినా, అందులో కొలత ఎంత, కలిపినది ఎంత అన్నది పక్కనే చూపడం పరిశోధకుని కనీస బాధ్యత. మన సిద్ధాంత గ్రంథాలలో ఈ రెండో అంకె అరుదుగా కనిపిస్తుంది.