సోదర సంఘము - దాని గడప

హైదరాబాదు నగరమున గోషామహల్ బారాదరి యను ప్రాచీన భవన మొకటి కలదు. అది గోల్కొండ కడపటి ప్రభువగు తానీషా కాలమున నిర్మింపబడినదని ప్రతీతి. రామదాసు కథ విన్న ప్రతి తెలుగువానికిని ఆ ప్రభువు పేరు పరిచితమే. పందొమ్మిదవ శతాబ్దినుండి ఆ భవనము ఫ్రీమేసనుల సమావేశ మందిరమై యున్నది. తలుపులు మూసికొని లోపల నేమి చేయుదురోయని ఇట్టి మందిరములను గూర్చి జనులకు చిరకాలముగ సందేహమే. ఉత్తర హిందూస్థానమున సామాన్యులు వీనికి జాదూఘర్ అని పేరే పెట్టిరి. రహస్యమున్నచోట మంత్రమున్నదని యూహించుట లోకస్వభావము. మా యభిప్రాయమున విచారింపవలసినది ఆ రహస్యము కాదు. ఆ గడప యెవరిని దాటనిచ్చినది, ఎవరిని నిలిపివేసినది యనునదే.

1717వ సంవత్సరమున లండనులో నాలుగు లాడ్జీలు కలిసి ఒక మహాలాడ్జిగ నేర్పడినవని సంఘ సంప్రదాయము చెప్పుచున్నది. 1723లో జేమ్సు ఆండర్సను అను క్రైస్తవ మతాచార్యుడు దానికి నిబంధన గ్రంథమును సంతరించెను. మతభేదములచే ఇంగ్లండు రక్తసిక్తమై యెంతో కాలము కాలేదు. అట్టి దినములలో, పరమేశ్వరుని నమ్మిన సచ్ఛీలుడెవడైనను సోదరుడే యనియు, సభాభవనమున మతమును రాజకీయములను చర్చింపరాదనియు నిర్ణయించుట సామాన్య విషయము కాదు. రాతిపని చేయు తాపీవారి పనిముట్లే వారికి ధర్మబోధకములు. మూలమట్టము నడవడి యొక్క సూటిదనమును, కంపాసు కోరికల హద్దును, రసమట్టము సమత్వమును సూచించునట. రాజైనను వర్తకుడైనను నడుమునకు పనివాని తోలు వస్త్రము కట్టుకొనియే లోనికి రావలెను. సోదర ప్రేమ, సహాయము, సత్యము అనునవి వారి మూడు సూత్రములు. రెండవది మాటలతోనే నిలువలేదు. దిక్కులేని మేసనుల కుమార్తెలకై 1788లోనే వారు ఇంగ్లండున బాలికా పాఠశాలను స్థాపించిరి.

ఈ సంఘము తూర్పిండియా కంపెనీవారి వెంట మన దేశమునకు వచ్చినది. 1770ల దశాబ్దమున కర్ణాటక నవాబు కుమారుడు ఉమ్దతుల్ ఉమరాకు తిరుచిరాపల్లిలో దీక్ష లభించెను. నవాబు పుత్రుని యెదుట సులభముగ తెరచుకొనిన తలుపు తక్కినవారి యెదుట తెరచుకొనలేదు. మాణెక్‌జీ కర్సెట్జీ యను పారసీకుడు బొంబాయిలో నిరాకరింపబడి, పారిసు నగరమున కేగి దీక్ష పొందెను. తిరిగి వచ్చిన పిదపను స్వస్థలపు తెల్లవారి లాడ్జీలో ఆయనకు చోటు లేదయ్యెను. అప్పుడు జేమ్సు బర్న్సు అను స్కాట్లండు దేశీయుడు, హిందూదేశస్థుల ప్రవేశార్థమే 1843లో బొంబాయిలో ఒక క్రొత్త లాడ్జీని నెలకొల్పెను. ఆయన ఔదార్యము కొనియాడదగినదే. కాని సోదరులకై వేరు ఇల్లు కట్టవలసి వచ్చుట ఎట్టి సోదరత్వమో!

కలకత్తా వ్యవహారము మరింత వివరముగ తెలిసికొనదగినది. ప్రసన్నకుమార దత్తు అను హిందువు 1863లో ప్రవేశము కోరెను. ఆసియావాసులను పైయధికారి యనుమతి లేనిదే చేర్చుకొనరాదని వంగదేశపు శాఖకు నియమ ముండెను. హిందువు పెక్కు దేవతలను కొలుచువాడు గనుక ఏకేశ్వర విశ్వాసి కానేరడని కొందరు వాదించిరి. వర్ణభేదమును పాటించువాడు అందరిని సోదరులుగ నెట్లు భావింపగలడని మరికొందరు ప్రశ్నించిరి. దత్తు పట్టు విడువలేదు. విషయము లండనుదాక పోయినది. తొమ్మిదేండ్ల పోరాటము పిమ్మట 1872లో ఆయనకు దీక్ష దొరికెను.

మొదటి యాక్షేపణ యజ్ఞానజనితము. ఉపనిషత్తుల పేరైన వినినవాడు అట్లనడు. రెండవది పాలకజాతివారి నోట వచ్చుట హాస్యాస్పదము. తమ క్లబ్బులలో నల్లవానిని అడుగిడనీయని వారే మన వర్ణభేదమునకు కన్నీరు కార్చిరి! అయినను ఆ ప్రశ్నను చెప్పినవాని దోషము చూపి త్రోసివేయుటకు మా మనస్సు ఒప్పుకొనుట లేదు. పొలమున పంట పండించిన మాలమాదిగలను ఊరి బావి చెంతకు రానీయని గ్రామములు పందొమ్మిదివందల డెబ్బదులలోను మన జిల్లాలలో నుండెను. వీధి యరుగుపై కూర్చుండబెట్టని గృహములు నేడును లేకపోలేదు. దత్తుకు జరిగిన యవమానమునకు నొచ్చుకొనువారము ఆ బావి గట్టును గూడ తలచుకొనవలెను గదా?

అమెరికాలో ఇదే కథ మరింత దీర్ఘముగ నడచినది. 1775లో బోస్టను నగరమున ప్రిన్సు హాలు అను నీగ్రో జాతీయుడు, మరి పదునలుగురు స్వజాతీయులతో కలిసి, బ్రిటిషు సైనికుల లాడ్జీలో దీక్ష పొందెను. 1784లో ఇంగ్లండే వారి లాడ్జీకి అధికారపత్ర మొసగెను. అయినను తెల్లవారి లాడ్జీలు వారి వారసులను సోదరులుగ అంగీకరింపలేదు. కనెక్టికటు రాష్ట్రమువారు 1989లో, ఇంగ్లండువారు 1994లో గాని వారిని తిరిగి గుర్తింపలేదు. రెండువందల యేండ్లు!

మన దేశమున కాలము కొంత వేగముగనే మారినది. నరేంద్రనాథ దత్తు, అనగా తరువాతి వివేకానందస్వామి, 1884లో కలకత్తా లాడ్జీలో సభ్యుడయ్యెను. మోతీలాల్ నెహ్రూయు మేసనే. రడ్యార్డు కిప్లింగు 1886లో లాహోరున పలుమతములవారి నడుమ దీక్షగైకొనెను. ఆ తరువాతనే తెల్లజాతి భారమును గూర్చి పద్యము వ్రాసెను. గడప లోపలి పాఠము బయటికి రాకపోవుటకు ఇంతకంటె నిదర్శన మేల? 1961లో భారతదేశపు మహాలాడ్జి స్వతంత్రముగ నేర్పడినది. నేడు దాని సభలలో భగవద్గీత, ఖురాను, బైబిలు, ఇతర పవిత్రగ్రంథములు ఒకే పీఠముపై నుంచబడును.

ఇక స్త్రీల మాట. ఆండర్సను నిబంధనలు వారిని స్పష్టముగ మినహాయించినవి. స్త్రీపురుషుల కిరువురకును చోటిచ్చిన వేరొక శాఖ 1893లో ఫ్రాన్సున పుట్టినది. అనీబెసెంటు 1902లో అందు చేరి, దానిని మన దేశమునకును తెచ్చెను. పాత శాఖవారు ఆమె సోదరులను నేటివరకు తమవారుగ గుర్తింపలేదు.