గంపలతో గాదె నింపినట్లు: వేలిముద్రలు డేటాబేస్‌కు చేరే తీరు

కువైత్ విమానాశ్రయం చెంతనున్న దజీజ్ పేరు అక్కడి తెలుగువారికి చిరపరిచితం. అంగళ్ల కోసం వెళ్లేవారు కొందరైతే, నేర సాక్ష్యాల విభాగపు కార్యాలయం వల్ల ఆ పేరు ఎరిగినవారు మరికొందరు. 2023 మే నెలలో కువైత్‌లో బయోమెట్రిక్ నమోదు ఆరంభమైనది. విదేశీయులకు 2024 డిసెంబరు 31 గడువుగా నిర్ణయించారు. నమోదు లేనివారికి అకామా మొదలైన లావాదేవీలు నిలిచిపోతాయని ప్రకటించడంతో ఎందరో సెలవు అడిగి మరీ వరుసలలో నిలిచారు.

గాజుపలకపై వేలు ఆనించడం క్షణకాలపు పని. ఆ తరువాత జరిగేదే అసలు కథ. వేలిముద్రను సాధారణంగా అంగుళానికి 500 చుక్కల చొప్పున చిత్రిస్తారు. చుక్కకు ఒక బైట్ లెక్కన చదరపు అంగుళానికి 2,50,000 బైట్లు. పది వేళ్ల ముద్రలున్న పూర్తి కార్డు సుమారు 10 మెగాబైట్లు. అమెరికా ఎఫ్.బి.ఐ. 1993లో స్వీకరించిన వేవ్‌లెట్ పద్ధతి దీనిని ఇంచుమించు పదిహేనో వంతుకు కుదించగలదు.

పేరు, పుట్టినతేదీ వంటివి డేటాబేస్‌లో చిన్న గడులలో ఒదుగుతాయి. చిత్రం అట్లు ఒదగదు. ఇట్టి భారీ ముద్దకు జిమ్ స్టార్కీ అనే నిపుణుడు ‘బ్లాబ్’ అని పేరు పెట్టాడు. ఎదురైనదానినల్లా మింగే ముద్దను చూపిన 1958 నాటి చలనచిత్రమే ఆ పేరుకు మూలం. పండితులు దానికి గంభీరమైన విస్తరణ కల్పించింది ఆ తరువాతనే!

కళ్లంలోని ధాన్యరాశిని గాదెకు చేర్చే రైతు గింజ గింజ మోయడు. రాశినంతా ఒక్కసారే ఎత్తనూ లేడు. గంపలతో పోస్తాడు. కంప్యూటర్‌లో ఆ గంపయే బఫర్. కుదించని కార్డులను ఒకేసారి 200 మంది పక్షాన మొత్తంగా జ్ఞాపకశక్తిలోకి తీసుకుంటే 2,000 మెగాబైట్ల చోటు కావాలి. 64 కిలోబైట్ల బఫర్‌తో పంపితే అందరికీ కలిపి 13 మెగాబైట్లు చాలు. ఒక్కొక్క కార్డు 160 గంపలలో చేరిపోతుంది. గంప మరీ చిన్నదైతే ప్రతి రాతకూ ప్రయాణపు ఖర్చు తప్పదు, పని నత్తనడకన సాగుతుంది.

చిక్కంతా చివరి గంపతోనే. అది నిండలేదని ప్రోగ్రాం వేచియుండి, పోయకుండానే ముగిసిపోతే చిత్రపు తోక తెగిపోతుంది. డేటాబేస్‌లో వరుస కనబడుతుంది, పేరూ ఉంటుంది. చిత్రం మాత్రం అసంపూర్ణం. చిన్న బొమ్మతో ఒకసారి పరీక్షించి తృప్తిపడే ప్రోగ్రామర్లకు ఈ లోపం ఆలస్యంగా తెలిసివస్తుంది. కనుక సగం గంపనైనా బలవంతంగా పోయించే ఆదేశం ఉండాలి. నడుమ 97వ గంప వద్ద సంబంధం తెగితే, అంతవరకు పోసినదంతా రద్దయ్యేటట్లు మొత్తం రాతను ఒకే లావాదేవీగా కట్టాలి.

ఏళ్ల తరబడి సబ్బునీళ్లలో పాత్రలు తోమిన కడప, గోదావరి జిల్లాల స్త్రీల వేలిగీతలు అరిగిపోయి ఉంటాయి. రెండు మూడు ప్రయత్నాలకు గాని ముద్ర స్పష్టంగా పడదు. అంత శ్రమకు దొరికిన చిత్రం తోక తెగితే, ఆమె మళ్లీ కఫీల్‌ను సెలవు కోసం ప్రాధేయపడవలసిందే. అందుచేత పంపిన బైట్ల సంఖ్యను, చేరిన బైట్ల సంఖ్యను ఆమె కుర్చీ నుండి లేవకముందే సరిపోల్చి చూడాలి.