కార్డు నాదే... చదివేది నలుగురం!

"పుస్తకాలు చదివితే కడుపు నిండుతుందా పాపా?"

పెళ్లయి సి.బెళగల్‌కు కాపురానికి వచ్చిన కొత్తలో మా అత్తమ్మ అడిగిన మాట ఇది. కోపంతో అనలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. ఇప్పుడు ఆవిడే శనివారం రాత్రి అన్నాలు తినేటప్పుడు, "రేపు ఎమ్మిగనూరుకు పోతావు గదా, కథ అయిపోయింది. ఇంకో పుస్తకం తేవాల" అని గుర్తు చేస్తుంది. ఈ మధ్యలో జరిగిన సంగతి మీతో పంచుకుందామనే ఈ నాలుగు ముక్కలు.

నా పుట్టిల్లు ఎమ్మిగనూరు. మాచాని సోమప్ప గారు 1938లో చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు. మా వీధిలో మగ్గం చప్పుడు లేని ఇల్లు ఉండేది కాదు. నాన్న మగ్గం మీద ఉంటే అమ్మ కండెలు చుట్టేది. పక్కన కూర్చుని నేను నవల చదివేదాన్ని. అప్పట్లో మా బజారులో అద్దె పుస్తకాల షాపు ఉండేది. యద్దనపూడి సులోచనారాణి నవల ఒక్కరోజుకు అద్దెకు తెస్తే, పొద్దున పిన్ని, మధ్యాహ్నం నేను, రాత్రికి అక్క చదివి మర్నాడు తిరిగి ఇచ్చేవాళ్లం. టీవీ సీరియళ్లు వచ్చాక ఆ షాపు మూతపడింది. నాకు గ్రంథాలయం దారి తెలిసింది అప్పుడే.

టైమెక్కడిది?

అందరూ అడిగే ప్రశ్న ఇదే. పొద్దున ఐదుకు లేస్తే నీళ్లు, వంట, పిల్లల క్యారియర్లు. తర్వాత కుట్టుమిషను. పండగల ముందయితే జాకెట్లు కుట్టడానికే చేతులు చాలవు. అయినా నేనొక పద్ధతి పెట్టుకున్నాను. మిషను సొరుగులో దారపు ఉండల పక్కన ఎప్పుడూ ఒక పుస్తకం ఉంటుంది. కరెంటు పోయినా, జాకెట్టు ఇచ్చినామె కొలతలకు రావడం ఆలస్యమైనా నాలుగు పేజీలు అవుతాయి. రోజుకు పది పేజీలంటే పదిహేను రోజులకు నూట యాభై. ఒక చిన్న నవల అయిపోయినట్టే కదా!

పుస్తకం ఇచ్చే గడువూ పదిహేను రోజులే. కాబట్టి పదిహేను రోజులకో ఆదివారం నాకు పుట్టింటి ప్రయాణం. అమ్మను చూసినట్టూ ఉంటుంది, పుస్తకం మార్చినట్టూ ఉంటుంది. గ్రంథాలయానికి సెలవు శుక్రవారం కావడం మనలాంటి వాళ్లకు ఎంత మేలో! 2025 ఆగస్టులో ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం మొదలయ్యాక "ఛార్జీలు దండగ" అన్న మాట కూడా ఇంట్లో వినపడలేదు.

కూర్చోవడం నేర్చుకున్నాను

మొదట్లో గ్రంథాలయంలో అడుగు పెట్టాలంటే బెరుకుగా ఉండేది. బల్లల చుట్టూ పేపర్లు చదివే మగవాళ్లు, పోటీ పరీక్షలకు తయారయ్యే కుర్రాళ్లు. ఆడమనిషిని నేనొక్కదాన్నే. చేతికందిన పుస్తకం తీసుకుని, రిజిస్టర్లో సంతకం పెట్టి గబగబా బయటపడేదాన్ని. ఇంటికొచ్చి చూస్తే అది నేను చదివేసిందే అయ్యేది!

ఒకసారి ఇంటిపన్ను రసీదు చూస్తుంటే గ్రంథాలయ సెస్సు కనిపించింది. పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు. అంటే ఆ బల్లలు, ఆ బీరువాలు, ఆ పేపర్లు మనందరి డబ్బుతో కొన్నవే. ఇంక నాకు మొహమాటం దేనికి? ఆ ఆదివారం కుర్చీ లాక్కుని అరగంట కూర్చున్నాను. ఎవరూ ఏమీ అనలేదు. అనుకుంటారన్న భయమంతా నాదే.

ఈ గ్రంథాలయాలు ఊరికే రాలేదు. అయ్యంకి వెంకటరమణయ్య గారి పూనికతో 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. మన కర్నూలులో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు ఆ ఉద్యమానికీ, వయోజన విద్యకూ ఎంతో కాలం పాటుపడ్డారు. చదువు రాని వాళ్ల దగ్గరికి కూడా పుస్తకం చేరాలన్నది వాళ్ల తపన. ఆ మాట విలువ నాకు మా ఇంట్లోనే తెలిసింది.

అత్తమ్మకు కాశీ మజిలీ

2011 జనాభా లెక్కల్లో మన కర్నూలు జిల్లా ఆడవాళ్లలో అక్షరాలు వచ్చినవాళ్లు దాదాపు సగం మందే. మా అత్తమ్మ ఆ రెండో సగంలో ఉంది. ఒకనాటి సాయంత్రం ఆవిడ శనక్కాయలు ఒలుస్తుంటే, పక్కన కూర్చుని కాశీ మజిలీ కథలు పైకి చదివాను. కాశీకి పోయేవాళ్లు ఆగిన ప్రతి మజిలీలో ఒక కథ. మొదటి మజిలీకే ఆవిడ చేతులు ఆగిపోయాయి. రెండో రోజు తనే పిలిచింది.

పక్కింటి పిల్ల కూడా వచ్చి చేరింది. ఎనిమిదో తరగతి. నాకు గొంతు నొచ్చితే పుస్తకం తను తీసుకునేది. గుణింతాలు తడబడినా ఆపేది కాదు.

ఆ ఏడు వానలు సరిగా పడలేదు. పత్తి చేతికి రాలేదు. మా పశ్చిమ పల్లెల్లో అలాంటప్పుడు చేసేది ఒకటే, సుగ్గికి పోవడం. గుంటూరు వైపు పత్తి తీతకు, మిరప కోతకు ఇంటిల్లిపాదీ మూట కట్టుకుని పోతారు. వలస పోయేవాళ్ల పిల్లలకు సీజనల్ హాస్టళ్లు పెట్టిన సంవత్సరాలు ఉన్నాయి. కానీ ఎదిగిన ఆడపిల్లను వదిలిపోవాలంటే తల్లికి ధైర్యం చాలదు.

బయల్దేరే ముందు రాత్రి ఆ పిల్ల వచ్చింది. "చిన్నమ్మా, పోతాండాం. ఆ పుస్తకం సగంలో ఉండాది. ఇస్తావా?"

నేను తటపటాయించాను. పుస్తకం నా కార్డు మీద ఉంది. పోతే కట్టాల్సింది నేను. అత్తమ్మే అంది, "ఇయ్యి పాపా. పోతే రెండు జాకెట్లు కుట్టిన డబ్బు. అంతే గదా."

ఇచ్చాను. ఆదివారం పోయి లైబ్రేరియన్ గారికి ఉన్నమాట చెప్పాను. గడువు దాటితే జరిమానా తప్పదన్నారు. సరేనన్నాను.

ఉగాది ముందు వాళ్లు తిరిగొచ్చారు. పుస్తకం పాత చీర ముక్కలో చుట్టి తెచ్చింది. పేజీల అంచులు ఎర్రగా ఉన్నాయి. "మిరప రంగు చిన్నమ్మా. ఎంత కడిగినా చేతులకు పోదు" అంది భయంగా. రాత్రిళ్లు గుడిసెలో వాళ్లమ్మకు చదివి వినిపించిందట.

నేను జరిమానా కట్టాను. లైబ్రేరియన్ గారు పుస్తకం తిరగేసి చూసి, ఏమీ అనకుండా బీరువాలో పెట్టారు.

ఒక పుస్తకం ఆ పిల్ల పోగొట్టుకున్న బడి రోజులను తెచ్చి పెట్టలేదు. లెక్కల్లో బాగా వెనకబడింది. సాయంత్రాలు మా అబ్బాయి కూర్చోబెట్టి చెబుతున్నాడు. సుగ్గి ఉన్నన్నాళ్లూ ఈ బాధ ఉంటుంది. కానీ తెలుగు మాత్రం ఇప్పుడు తడుముకోకుండా చదువుతుంది.

మీరూ మొదలుపెట్టండి

మీ ఊళ్లోనో, పక్క ఊళ్లోనో గ్రంథాలయం ఉంటే ఈ ఆదివారం ఒక్కసారి వెళ్లండి. దరఖాస్తు, చిన్న డిపాజిట్టు, ఒక హామీ సంతకం, అంతే. ఒంటరిగా వెళ్లడానికి బెరుకైతే పక్కింటామెను పిలవండి. తెచ్చిన పుస్తకం మీరొక్కరే చదవకండి. చదువు రాని పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే రోజుకు రెండు పేజీలు పైకి చదవండి. పప్పు ఏరుతూ కూడా వినొచ్చు.

వచ్చే ఆదివారం ఆ పిల్ల నాతో ఎమ్మిగనూరు వస్తోంది. సొంత కార్డు తీసుకోవడానికి. ఎవరి చేత హామీ సంతకం పెట్టించాలన్నది నేను చూసుకుంటానన్నాను.

ఈ సంగతి విని అందరికంటే ఎక్కువ సంబరపడింది మా అత్తమ్మే.

"ఇంక రెండు కార్డులు గదా. రెండు పుస్తకాలు తేండి!"