కెప్టెన్ నెమో తరవాత ఏ పుస్తకం?

పాచిపెంటలోనో, ఆ పైన కొండ ఊళ్ళలోనో చదువుకునే పిల్లల చేతికి జూల్స్ వెర్న్ సముద్ర నవల ‘ఇరవై వేల లీగులు’ దొరికి, ఆసాంతం చదివేశారనుకోండి. తరవాత ఏది? వెర్న్ నవలలు యాభైకి పైనే ఉన్నాయి. అచ్చయిన వరసలో చదవాల్సిన పనేం లేదు. నేనైతే ‘రహస్య ద్వీపం’ చదవమంటాను.

కారణం నెమో. 1869-70లో వెలువడిన మొదటి నవలలో ఆ జలాంతర్గామి నాయకుడిది ఏ దేశమో, అతని పగ ఎవరి మీదో రచయిత చెప్పడు. ఒక్కచోట మాత్రం కాస్త బయటపడతాడు. సింహళం దగ్గర ముత్యాల కోసం మునిగిన పేద భారతీయుడి మీదికి సొరచేప వస్తే, నెమో కత్తి పట్టుకుని అడ్డం పడతాడు. ఆ మనిషి తేరుకున్నాక చేతిలో ముత్యాల సంచి పెడతాడు. ఎందుకిలా చేశావంటే, అతనిది అణగారిన జనం దేశమనీ, తానూ ఆ జనంలో వాణ్ణేననీ జవాబిస్తాడు.

ఆ మాట వెనకున్న సంగతంతా 1874-75 నాటి ‘రహస్య ద్వీపం’లో తెలుస్తుంది. నెమో బుందేల్‌ఖండ్ రాకుమారుడు డక్కర్. 1857లో ఇంగ్లీషువాళ్ళతో పోరాడి, భార్యాబిడ్డల్ని పోగొట్టుకున్నవాడు. వెర్న్ మొదట అతణ్ణి రష్యా మీద పగబట్టిన పోలండు వాడిగా రాయాలనుకున్నాడు. ప్రచురణకర్త హెట్జెల్ ఒప్పుకోలేదు. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద అల్లూరి దళం చేసిన దాడుల గురించి విన్న మన్యం పిల్లలకు డక్కర్ పరాయివాడు కాడు.

అయితే ఏ ప్రతి చదువుతున్నారన్నది చాలా ముఖ్యం. కింగ్‌స్టన్ పేరుతో 1875లో వచ్చిన ఇంగ్లీషు అనువాదంలో డక్కర్ గతాన్ని బ్రిటిష్ పాఠకులు నొచ్చుకోకుండా మార్చేశారు. సముద్ర నవలకు మెర్సియర్ చేసిన పాత అనువాదంలోనూ బోలెడు భాగాలు ఎగిరిపోయాయి. ఇంటర్నెట్లో ఉచితంగా దొరికేవి చాలావరకు ఇవే. అందుకని అనువాదకుడి పేరు ముందే చూసుకోండి. ‘రహస్య ద్వీపా’నికి జోర్డాన్ స్టంప్ అనువాదం 2001లో వచ్చింది, అది దొరికితే మంచిది. రెండు నవలల తేదీలూ ఒకదానితో ఒకటి పొసగవు. ఆ లెక్కలతో తల పట్టుకోవద్దు.

‘కెప్టెన్ గ్రాంట్ పిల్లలు’లోని ఐర్టన్ ఈ ద్వీపంలో మళ్ళీ కనిపిస్తాడు. ఆ నవల తరవాత చదివినా నష్టం లేదు. 1880 నాటి ‘ఆవిరి ఇల్లు’లో ఆవిరితో నడిచే ఏనుగు ఇళ్ళను లాక్కుంటూ ఉత్తర భారతమంతా తిరుగుతుంది. యంత్రం ముచ్చటగానే ఉంటుంది. కానీ కథ ఇంగ్లీషు కల్నల్ మన్రో పక్షాన నడుస్తుంది, 1857 పోరాటంలో నాయకుడైన నానా సాహెబ్ అందులో దుర్మార్గుడు. డక్కర్‌కు ప్రాణం పోసిన రచయితే ఇదీ రాశాడంటే నాకు బాధేస్తుంది. దాన్ని డక్కర్ కథ తెలిశాకే చదవండి.