ఎండుగడ్డి, ఈదురుగాలి

పంజాగుట్ట నుంచి బంజారాహిల్స్ రోడ్ నంబర్ 2 మీదుగా జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు వైపు వెళ్తుంటే అద్దాల మేడల వరస ఒకచోట తెగిపోయి అడవి మొదలవుతుంది. ఆగస్టులో అది దట్టమైన పచ్చదనం. మార్చి వచ్చేసరికి మోడువారిన కొమ్మలు, వాటి కింద మందంగా పరుచుకున్న ఎండుటాకులు, బండల సందుల్లో వరిగడ్డిలా పెళపెళలాడే గడ్డి. అదే కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానవనం. జనం నోట కేబీఆర్ పార్కు. ఒకప్పుడు నిజాం వారసుడు ముకర్రం జా చిరాన్ ప్యాలెస్ చుట్టూ ఉన్న ఆవరణ ఇది. 1998లో దీనికి జాతీయ ఉద్యానవనం హోదా వచ్చింది. విస్తీర్ణం సుమారు 390 ఎకరాలు.

పేరు పార్కే అయినా ఇది నీళ్లు పోసి పెంచిన తోట కాదు, ఆకురాల్చే అడవి. నేలలో తడి తగ్గేకొద్దీ చెట్టు ఉన్న నీటిని కాపాడుకోవడానికి ఆకును వదిలేస్తుంది. తెలంగాణలోని అమ్రాబాద్, కవ్వాల్ పులుల అడవుల్లోనూ జరిగేది ఇదే. కాకపోతే అక్కడ అడవి చుట్టూ గూడేలుంటాయి, ఇక్కడ నాలుగు దిక్కులా ట్రాఫిక్ ఉంటుంది. ఫిబ్రవరి నుంచి తొలకరి దాకా రెండు చోట్లా భయం ఒకటే. కార్చిచ్చు.

ఎండ అంటించదు, సిద్ధం చేస్తుంది

ఎండలు మండిపోతున్నాయి కాబట్టి అడవులు అంటుకుంటున్నాయని చాలామంది అనుకుంటారు. అది సగం నిజం మాత్రమే. బేగంపేట వాతావరణ కేంద్రంలో నమోదైన రికార్డు ఉష్ణోగ్రత 45.5 డిగ్రీలు. అది 1966 జూన్ 2 నాటి మాట. ఎండుటాకు రాజుకోవాలంటే దాదాపు 250 నుంచి 300 డిగ్రీల వేడి కావాలి. రోహిణి కార్తెలో రోళ్లు పగిలినా, ఎండ ఒక్కటే ఆకును అంటించలేదు.

ఎండ చేసే పని వేరు. చచ్చిన గడ్డి, రాలిన ఆకు తమ చుట్టూ ఉన్న గాలిని బట్టి తేమను పీల్చుకుంటూ, వదులుతూ ఉంటాయి. సన్నటి గడ్డిపరక విషయంలో ఈ మార్పుకు ఒక గంట చాలు. తెల్లవారుజామున గాలిలో కాస్త తేమ ఉంటుంది, గడ్డి మెత్తబడుతుంది. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య ఆ తేమ పడిపోతుంది, గడ్డి పిండి పిండిగా నలిగేంతగా ఎండిపోతుంది. పొద్దున ఆరింటికి పడేసిన బీడీ ముక్క ఆరిపోవచ్చు. అదే ముక్క మూడింటికి పడితే చిచ్చు రేపవచ్చు. లావు దుంగ ఇంత తొందరగా ఎండదు. అందుకే మన అడవుల్లో మంటలు ఎక్కువగా చెట్ల తలల మీద కాక నేల మీద పాకుతాయి. ఆకులను, గడ్డిని, మొలకలను తినేస్తూ పోతాయి.

వాతావరణ శాఖ లెక్కలో మైదాన ప్రాంతంలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలకు చేరి, మామూలు కంటే కనీసం 4.5 డిగ్రీలు ఎక్కువుంటే వడగాడ్పు. మామూలు ఎంతన్నదానితో పని లేకుండా 45 డిగ్రీలు తాకినా వడగాడ్పే. జనానికి వడదెబ్బ హెచ్చరికలు వచ్చే ఆ రోజులే అడవికీ గడ్డు రోజులు.

గాలి చేసే నాలుగు పనులు

అగ్నికి వాయువు తోడంటారు. ఆ తోడు ఎలాంటిదో చూస్తే గాలి ఒకేసారి నాలుగు పనులు చేస్తుంది. మంటకు ప్రాణవాయువు అందిస్తుంది. మంటను ముందుకు వంచి, ఇంకా అంటుకోని గడ్డిని వేడెక్కిస్తుంది. మిగిలిన కాస్త తేమనూ ఎత్తుకుపోతుంది. నిప్పురవ్వలను దారి దాటించి అవతల పడేస్తుంది.

మన దగ్గర వేసవి గాలి రెండు రకాలుగా వస్తుంది. వాయవ్యం నుంచి వీచే పొడిగాలి పగలంతా నేలను ఎండబెడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో విదర్భ నుంచి తెలంగాణ మీదుగా తమిళనాడు దాకా అల్పపీడన ద్రోణి ఏర్పడిందని వార్తల్లో వింటుంటాం. అలాంటప్పుడు సాయంత్రం క్యుములోనింబస్ అనే ఉరుముల మేఘాలు కమ్ముకుని, గంటకు 30 నుంచి 50 కిలోమీటర్ల వేగంతో ఈదురుగాలులు లేస్తాయి. వాన గట్టిగా పడితే మంట ఆరిపోతుంది. నాలుగు చినుకులు రాల్చి మబ్బు చెదిరిపోతే గాలి మాత్రం తన పని చేసిపోతుంది. పైగా ఆ గాలి ఒక దిక్కుకు కట్టుబడదు. పడమటి నుంచి వస్తుందనుకున్న మంట ఉన్నట్టుండి ఉత్తరానికి తిరగవచ్చు. మంటలార్పే సిబ్బందిని ఎక్కువగా భయపెట్టేది ఈ మలుపే.

దీనికి వాలు కూడా తోడవుతుంది. నేల పది డిగ్రీలు ఎత్తుకు లేస్తే మంట వేగం దాదాపు రెట్టింపవుతుందని అగ్నిమాపక శాస్త్రం చెబుతుంది. పేరులోనే కొండలున్న బంజారాహిల్స్‌కు ఈ సూత్రం కొత్తగా వివరించనక్కర్లేదు.

అగ్గి ఎక్కడి నుంచి?

మన అడవుల్లో మంటలకు చాలావరకు మనిషి చెయ్యే కారణం. అయితే ప్రతి చెయ్యీ నిర్లక్ష్యంతో కదలదు. మార్చి, ఏప్రిల్‌లలో తెల్లవారుజామున ఇప్పపూలు రాలతాయి. ఎండుటాకుల మధ్య వాటిని ఏరడం కష్టమని చెట్టు కింద చెత్తకు నిప్పు పెడతారు. బీడీలు చుట్టే ఆకునిచ్చే తునికి చెట్టుకు లేత చిగుళ్లు రావాలని, పశువులకు కొత్త గడ్డి మొలవాలని, తేనెటీగలను తరమాలని కూడా అగ్గి వాడతారు. ఇది పొట్టకూటి కోసం వాడే నిప్పు, దాన్ని మాన్పించాలంటే దారి చూపాలి. ఇప్పచెట్టు కింద వలలు, పాత చీరలు పరిస్తే పూలు శుభ్రంగా దొరుకుతాయి. తునికి మొక్కను కాల్చకుండా కొమ్మ కొట్టినా మంచి ఆకు వస్తుంది.

దారిన పోయేవాళ్ల నిప్పుకు అలాంటి సాకు లేదు. హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లే రోడ్డు మన్ననూరు దాటాక అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో నుంచి సాగుతుంది. కారు ఆపి వండుకున్న పొయ్యి, కిటికీలోంచి విసిరిన సిగరెట్టు అక్కడ చాలు. చైత్ర పౌర్ణమికి నల్లమలలో సలేశ్వరం జాతర జరుగుతుంది. వేలమంది అడవిలో నడిచే ఆ సమయం సరిగ్గా ఆకు ఎండిన కాలమే.

నగరంలో ఈ జాబితా ఇంకోలా ఉంటుంది. ఖాళీ ప్లాట్లలో నడుమెత్తు పెరిగి ఎండిన గడ్డి, ఊడ్చి కుప్పపోసి అంటించిన ఆకులు, చెత్తకుప్పల మంటలు, గాలికి ఒకదానికొకటి తగిలి రవ్వలు రాల్చే కరెంటు తీగలు.

ఉపగ్రహానికి కనిపించేది, కనిపించనిది

భారత అటవీ సర్వేక్షణ సంస్థ ఉపగ్రహ చిత్రాల్లో మంట ఆనవాళ్లు గుర్తించి అటవీ సిబ్బంది ఫోన్లకు హెచ్చరికలు పంపుతుంది. 2023 నవంబరు నుంచి 2024 జూన్ దాకా దేశమంతటా ఇలా దొరికిన ఆనవాళ్లు రెండు లక్షలు దాటాయి. వాటిలో ఆంధ్రప్రదేశ్ వాటా 18 వేలకు పైగా, తెలంగాణ వాటా 13 వేలకు పైగా ఉంది.

ఈ కన్నుకూ హద్దులున్నాయి. ఇందుకు వాడే పరికరం నేలను 375 మీటర్ల గళ్లుగా చూస్తుంది. ఆ లెక్కన కేబీఆర్ పార్కు మొత్తం పదకొండు పన్నెండు గళ్లలో ఇమిడిపోతుంది. ఉపగ్రహం మన మీదుగా మధ్యాహ్నం ఒంటిగంటన్నర ప్రాంతంలో ఒకసారి, రాత్రి అదే వేళకు ఇంకోసారి వెళ్తుంది. మధ్యాహ్నం మూడింటికి పుట్టిన మంట దానికి రాత్రి దాకా కనబడదు. ఊరి మధ్య అడవికి మనిషి కన్నే తొలి హెచ్చరిక.

మంట చెయ్యి దాటితే ఏమవుతుందో తిరుమల చూసింది. 2014 మార్చిలో శేషాచలం కొండల్లో రేగిన మంటలను అదుపు చేయడానికి వాయుసేన హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. ఊరి అంచున ఎండుగడ్డి ఏం చేయగలదో చెప్పే ఉదాహరణ అమెరికాలో ఉంది. 2021 డిసెంబరు 30న కొలరాడోలోని బౌల్డర్ దగ్గర గంటకు 160 కిలోమీటర్లు దాటిన గాలుల్లో గడ్డిమంట కాలనీల్లోకి దూకి, ఒక్కరోజులో వెయ్యికి పైగా ఇళ్లను బూడిద చేసింది. దర్యాప్తులో తేలిన కారణాల్లో ఒకటి, ఆరు రోజుల ముందు కొమ్మలు కాల్చి మట్టి కప్పేసిన నిప్పు. ఆ మట్టిని గాలి తోడేసింది. మన దగ్గర ఎండాకాలంలో అంత గాలి వీచదు. మట్టి కప్పితే నిప్పు చచ్చినట్టేనన్న నమ్మకం మాత్రం ఇక్కడా ఉంది.

మార్చికి ముందే చేయాల్సిన పని

అడవిలో అగ్గి మీద పోరు చలికాలంలోనే మొదలవుతుంది. ఆకులు, గడ్డి తొలగించి నేల కనిపించేలా ఫైర్ లైన్లు తీస్తారు. మంట అక్కడిదాకా వచ్చి, తినడానికేమీ దొరక్క ఆగిపోవాలని. వేసవికి ఫైర్ వాచర్లను పెడతారు. వాళ్ల ఆయుధాలు పచ్చికొమ్మలు, ఆకులను ఊదే బ్లోయర్లు. మంట మరీ పెద్దదైతే అనుభవమున్న సిబ్బంది అది వచ్చే దారిలో గడ్డిని ముందే తగలబెట్టి ఎదురుమంట పెడతారు. అది వాళ్ల పనే; జాతీయ ఉద్యానవనంలో ఇతరులు నిప్పు పెట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

నేలమంటకు పెద్ద చెట్లు చాలావరకు తట్టుకుంటాయి. మొలకలు, నేల మీద గుడ్లు పెట్టే పక్షులు, పాకే ప్రాణులు తట్టుకోలేవు. కేబీఆర్‌లో నెమళ్లున్నాయి, ముళ్లపందులున్నాయి. చుట్టూ రోడ్లే కాబట్టి అవి పారిపోవడానికి ఇంకో అడవి లేదు.

పార్కు పక్క రోడ్లలో ఉండేవాళ్లు, రోజూ అక్కడ నడిచేవాళ్లు చేయగలిగింది చాలా ఉంది. జనవరిలోనే పక్క ప్లాటు గడ్డి కోయించాలి. రాలిన ఆకులను కాల్చకుండా ఎరువు గుంతలో వేయాలి. ఎక్కడైనా నిప్పు ఆర్పితే నీళ్లు పోసి, కెలికి, మళ్లీ పోయాలి. కంచె అవతల పొగ కనిపిస్తే ఫొటో తీసి గ్రూపులో పెట్టే ముందు 101కి ఫోన్ చేయండి, గేటు దగ్గర సిబ్బందికి చెప్పండి.