వంటింటి బండ... మార్చాలా, మెరిపించాలా?

ముంబయిలో ఇల్లు కట్టుకునేవాళ్లు వంటింటి గట్టు దగ్గరికి వచ్చేసరికి 'కడప్పా వేయండి' అంటారు. పుణెలోనూ అదే మాట. అక్కడివాళ్లకు అదో నల్లరాయి పేరు. అంతే! ఆ పేరుతో ఓ జిల్లా ఉందన్న సంగతి చాలామందికి తెలియకపోవచ్చు. మరి ఆ జిల్లాలోనే ఉన్న వేంపల్లెలో, వంటింటికి మెరుగులు దిద్దుదామనుకున్న కుటుంబం మొదట అనుకునేదేంటి? 'ఈ నల్లబండ పీకేసి గ్రానైట్ వేయిద్దాం' అనే!

పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నట్టు... ఇంటి రాయంటే మనకు కాస్త చులకన. అలాగని గ్రానైట్ కోరుకోవడం తప్పేం కాదు. గట్టిరాయి, మచ్చలు పడదు, చూడ్డానికీ బాగుంటుంది. కాకపోతే కొత్త ఇల్లు కట్టేటప్పుడు బండ వేయించుకోవడం వేరు, రోజూ పొయ్యి వెలిగే వంటింట్లో మార్చుకోవడం వేరు. ఇక్కడ జేబుకు చిల్లు పడేది చాలాసార్లు రాయి ధర వల్ల కాదు. కొలతలూ కోతలూ పగలగొట్టుళ్ల వల్ల. అవి ముందే లెక్క చూసుకుంటే మధ్యతరగతి కుటుంబం కూడా అప్పు చేయకుండానే వంటింటి రూపు మార్చుకోవచ్చు.

ఈ బండ కథేంటి?

మన ఇళ్లలో నాపరాయి అనీ, కడప బండ అనీ పిలిచేది నిజానికి సున్నపురాయి. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు ప్రాంతాల్లోనూ అటు తాడిపత్రి, బేతంచెర్ల వైపూ దొరుకుతుంది. ఎర్రగుంట్ల చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు వెలసిందీ ఈ సున్నపురాయిని నమ్ముకునే. ఇది పొరలు పొరలుగా ఏర్పడిన రాయి. అందుకే గనిలో ఉలి పెట్టి కొడితే పలకలుగా విడివడుతుంది. కోత ఖర్చు తక్కువ కాబట్టే ధరా తక్కువ.

గ్రానైట్ అలా కాదు. భూమి లోపల కరిగిన శిల నెమ్మదిగా చల్లబడి గట్టిపడితే ఏర్పడుతుంది. దాన్లో పొరలుండవు. పెద్ద దిమ్మెగా తవ్వి, ఫ్యాక్టరీకి తరలించి, వజ్రపు పళ్ల రంపాలతో కోసి, పాలిష్ పట్టాలి. మనం కట్టే డబ్బులో రాయి విలువ కన్నా ఈ కోతా, పాలిషూ, లారీ బాడుగే ఎక్కువ.

వేంపల్లెకు మరో విశేషం ఉంది. భూగర్భశాస్త్ర పుస్తకాల్లో ఈ ఊరు ఓ రాతి పేరు! విలియం కింగ్ అనే శాస్త్రవేత్త కడప, కర్నూలు ప్రాంతాల శిలలను సర్వే చేసి 1872లో పెద్ద గ్రంథమే ప్రచురించాడు. ఇక్కడి డోలమైటు పొరల్ని శాస్త్రవేత్తలు ఇప్పటికీ 'వేంపల్లె' పేరుతోనే పిలుస్తారు. వాటి వయసు దాదాపు 190 కోట్ల ఏళ్లని అంచనా. ఈ డోలమైటు సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, సింకు దగ్గర మళ్లీ అవసరమవుతుంది.

గ్రానైట్ మాత్రం బయటి నుంచి రావాల్సిందే. బంగారు చుక్కలున్న నల్లని 'గెలాక్సీ' ప్రకాశం జిల్లా చీమకుర్తిది. గోధుమరంగు 'టాన్ బ్రౌన్' కరీంనగర్ ప్రాంతానిది. తమాషా ఏంటంటే, ఇంత పేరున్న గెలాక్సీ శాస్త్రం ప్రకారం గ్రానైటే కాదు, గాబ్రో జాతి శిల. వ్యాపారంలో గట్టిగా ఉండి పాలిష్ తీసుకునే రాళ్లన్నిటినీ గ్రానైట్ అనేస్తారు. కాబట్టి షాపులో పేరు విని మోసపోకూడదు, మురిసిపోకూడదు. రాయిని చూడాలి.

నిమ్మచుక్క చెప్పే నిజం

నాపరాయికీ గ్రానైట్‌కీ అసలు తేడా పులుపు దగ్గర తెలుస్తుంది. సున్నపురాయికి ఆమ్లం పడదు. నిమ్మరసం, చింతపండు పులుసు, వెనిగర్... ఏది ఒలికి అలాగే ఉండిపోయినా పాలిష్ పోయి తెల్లటి మచ్చ పడుతుంది. కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహలు ఏర్పడింది కూడా ఇలాంటి సున్నపురాయిలోనే. నీళ్లలో కలిసిన కొద్దిపాటి ఆమ్లత్వం యుగాల తరబడి రాయిని తొలిస్తే అన్ని గుహలయ్యాయి. అలాంటిది నిమ్మకాయ పిండిన గట్టు మీద మచ్చ పడటంలో వింతేముంది!

గట్టిదనంలోనూ తేడా ఉంది. గీతలు పడటాన్ని బట్టి రాళ్లకు 1 నుంచి 10 దాకా అంకెలిస్తారు. సున్నపురాయిలోని కాల్సైట్‌ది 3. గ్రానైట్‌లోని ఫెల్డ్‌స్పార్‌ది 6, క్వార్ట్జ్‌ది 7. స్టీలు కత్తిది వీటి మధ్యలో ఉంటుంది. అందుకే కత్తి నాపరాయి మీద గీత పెడుతుంది, గ్రానైట్ మీద తనే మొద్దుబారుతుంది.

అంటే నాపరాయి పనికిరాదనా? కాదు. కూరగాయలు తరగడానికి చెక్కపీట వాడి, పులుపు ఒలికిన వెంటనే తుడిచే అలవాటున్న ఇంట్లో అది తరాల పాటు ఉంటుంది. ఎంతోమంది అమ్మమ్మల వంటిళ్లే అందుకు సాక్ష్యం.

పీకాల్సిందేనా?

పాత వంటింటికి మూడు దారులున్నాయి. ఖర్చు తక్కువ నుంచి ఎక్కువకు వరుసగా చూద్దాం.

మొదటిది పాలిష్. బండ పగలకుండా, కదలకుండా ఉండి గీతలూ మచ్చలే సమస్య అయితే మార్చనక్కర్లేదు. మిషన్‌తో గరుకు తగ్గిస్తూ వరుసగా రుద్దిస్తే కొత్తదాన్లా తేలుతుంది. అతుకుల్లో పాత సిమెంటు గీకించి ఎపాక్సీ నింపిస్తే బొద్దింకలకూ చోటుండదు. చాలా ఇళ్లకు ఇది సరిపోతుంది. కానీ షాపువాళ్లు చెప్పరు. ఎందుకంటే దీన్లో అమ్మడానికి రాయి లేదు!

రెండోది పాత బండ మీదే గ్రానైట్ పరవడం. పగలగొట్టే కూలీ, చెత్త ఎత్తే ఖర్చు, గోడ టైల్స్ ఊడిపోతాయన్న భయం ఉండవు. అయితే రెండు విషయాలు చూసుకోవాలి. ఒకటి ఎత్తు. 20 మిల్లీమీటర్ల రాయి, కింద పూత కలిపితే గట్టు అంగుళం పైనే లేస్తుంది. వంటచేసే మనిషి మోచేయి కన్నా గట్టు మూణ్నాలుగు అంగుళాలు కిందికి ఉంటే భుజాలు నొప్పి పుట్టవు. ఇప్పటికే ఎత్తుగా ఉంటే ఈ దారి వద్దు. రెండోది బరువు. 20 మిల్లీమీటర్ల గ్రానైట్ చదరపు అడుగుకు దాదాపు 5 కిలోలు తూగుతుంది. 26 చదరపు అడుగుల గట్టుకు 130 కిలోలు! కింద ఇటుక దిమ్మెలు గట్టిగా ఉన్నాయో లేదో, పాత బండలో పగుళ్లున్నాయో లేదో మేస్త్రికి చూపించాకే రాయి కొనాలి.

మూడోది మొత్తం మార్చడం. బండ పగిలినా, దిమ్మెలు కుంగినా, గట్టు ఎత్తు మరీ ఇబ్బందిగా ఉన్నా తప్పదు. ఖర్చుకు తోడు నాలుగైదు రోజులు వంట వరండాలోకి మారుతుంది. అది కూడా లెక్కలో వేసుకోవాలి.

బేరం రేటులో కాదు, సైజులో

గ్రానైట్ షాపులో అందరం చేసే పని ఒకటే... అడుగు రేటు దగ్గర బేరం. అసలు లాభం పలక సైజులో ఉంటుంది.

పెద్ద దిమ్మెలను ఒకేసారి కోసి తీసే వెడల్పాటి పలకల్ని గ్యాంగ్‌సా పలకలంటారు. ఐదారడుగుల వెడల్పుంటాయి. చిన్న దిమ్మెల నుంచి తీసే ఇరుకు పలకల్ని కట్టర్ సైజు అంటారు. ఇవి రెండు, రెండున్నర అడుగుల వెడల్పుంటాయి. వంటింటి గట్టు వెడల్పు మామూలుగా 2 అడుగులే. మరి మనకు ఏది కావాలి?

ఓ లెక్క చూద్దాం. ఎల్ ఆకారపు గట్టు, ఒక చేయి 8 అడుగులు, మూల వదిలేస్తే రెండో చేయి 5 అడుగులు. మొత్తం 26 చదరపు అడుగులు. 27 అంగుళాల వెడల్పున్న కట్టర్ పలకలు రెండు, ఒకటి 8.5 అడుగులది, ఇంకోటి 5.5 అడుగులది కొంటే 31.5 చదరపు అడుగులు. అదే పదడుగుల పొడవు, అయిదున్నర వెడల్పున్న గ్యాంగ్‌సా పలక ఒకటి కొంటే 55 చదరపు అడుగులు. షాపులో డబ్బు కట్టాల్సింది వాడుకున్న ముక్కకు కాదు, మొత్తం పలకకు. లెక్క సులువుగా ఉండటానికి అడుగు 100 రూపాయలనుకుందాం. కట్టర్ పలకలకు 3,150 రూపాయలు, గ్యాంగ్‌సాకు 5,500. తేడా 2,350! అదే అడుగుకు 10 రూపాయల చొప్పున గట్టిగా బేరమాడినా కట్టర్ పలకల మీద మిగిలేది 315 రూపాయలే.

పైగా కట్టర్ పలకల్లో పక్కకు మిగిలే మూడంగుళాల పట్టీ గోడ వారన స్కర్టింగ్‌కు పనికొస్తుంది. గ్యాంగ్‌సా కొనక తప్పకపోతే మిగిలే ముక్కతో అరలో, కిటికీ దిమ్మెలో, దేవుడి గూటి బండో వేయించుకునేలా ముందే అనుకోవాలి. లేదంటే అది పెరట్లో గోడకు ఆనించిన డబ్బే.

ఆ తర్వాత చూడాల్సింది అంచు. ముందు అంచును గుండ్రంగా తీర్చే మోల్డింగ్‌కు నిడివి అడుగు చొప్పున తీసుకుంటారు. పై ఉదాహరణలో ముందంచు 11 అడుగులు. కింద ఇంకో పట్టీ అతికించి మందంగా కనిపించేలా చేసే డబుల్ మోల్డింగ్‌కు కూలీ, రాయి రెండూ ఎక్కువ. సాదా హాఫ్ రౌండ్ చాలు, చేతికి గుచ్చుకోదు, నీరూ నిలవదు. సింకు కటింగ్, రంధ్రాలు, బాడుగ, దింపే కూలీ... ఇవన్నీ విడివిడిగా అడిగి కాగితం మీద రాయించుకోవాలి. పన్ను రేటులో ఉందో లేదో కూడా తేల్చుకోవాలి. గ్రానైట్ పలకల మీద 2017 జులైలో 28 శాతంగా మొదలైన జీఎస్టీ అదే ఏడాది నవంబరులో 18 శాతానికి తగ్గింది.

నల్లరంగు మోజు... బోరునీళ్ల గోల

చాలామంది కళ్లు మొదట పడేది నిగనిగలాడే నలుపు మీదే. కానీ డోలమైటు నేలలోంచి వచ్చే నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా కలుస్తాయి. బకెట్లకూ కుళాయిలకూ తెల్లగా పేరుకునే పొర అదే. నల్లని గట్టు మీద ఆరిన ప్రతి నీటిచుక్కా తెల్లమచ్చగా కనబడుతుంది. దాన్ని వదిలించడానికి యాసిడ్ పోస్తే నాపరాయి పాలిషే పోతుంది. గ్రానైట్‌కైనా ఆ అలవాటు మంచిది కాదు. టాన్ బ్రౌన్, బూడిదరంగు లాంటి చుక్కలున్న రాళ్లయితే నీటి మరకలూ పిండీ పసుపూ అంతగా కనబడవు. నల్లదే కావాలంటే రాత్రి గిన్నెలు కడిగాక పొడిగుడ్డతో తుడవడం ఒక్కటే మందు.

దుమ్ము మీదా ఓ కన్ను

ఖర్చులో కనబడని ఇంకో లెక్క ఉంది. గ్రానైట్‌లో క్వార్ట్జ్, అంటే సిలికా ఎక్కువ. పొడిగా కోస్తే లేచే సన్నటి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్‌కు దారితీస్తుంది. ఆ జబ్బుకు పూర్తిగా నయంచేసే మందు లేదు. సిలికా ఇంకా ఎక్కువగా ఉండే కృత్రిమ క్వార్ట్జ్ పలకల్ని కోసే కార్మికులు ఈ జబ్బు బారిన పడుతున్నారని 2024 జులై 1 నుంచి ఆస్ట్రేలియా ఆ పలకల్నే నిషేధించింది.

మన ఇంట్లో పని ఒకట్రెండు రోజులది. కోసే మనిషికి మాత్రం రోజూ అదే పని. అందుకే వీలైనంత కోత షాపులోనే నీళ్లు పోస్తూ చేయించాలి. ఇంటిదగ్గర తప్పనిసరైతే ఆరుబయట, తడిపి కోయమనాలి. మంచి మాస్కు కొనివ్వాలి. ఆ సమయంలో పిల్లల్నీ ఉబ్బసం ఉన్న పెద్దల్నీ పక్కింటికి పంపడం మేలు. మాస్కు కోసం పెట్టే కొద్ది డబ్బు గట్టు ఖర్చులో ఓ మూలకు రాదు.

షాపుకెళ్లేటప్పుడు...

* కొలతలు అంగుళాల్లో రాసుకుని, సింకు, పొయ్యి ఎక్కడో గుర్తుపెట్టిన బొమ్మ తీసుకెళ్లండి.
* నల్లరాయిని తెల్లగుడ్డకు నెయిల్‌పాలిష్ రిమూవర్ అద్ది రుద్ది చూడండి. గుడ్డకు నలుపు అంటితే రంగు వేసిన రాయని అనుమానించాల్సిందే.
* పలక మీద నాలుగు నీటిచుక్కలు వేసి పావుగంట ఆగండి. అక్కడ నల్లబడితే రాయి నీరు పీలుస్తోందని అర్థం. సీలర్ పూయించాలి.
* మందం నాలుగు మూలలా కొలవండి. ఐమూలగా దారం లాగి పడితే వంపు తెలిసిపోతుంది.
* పలకను తడిపి చూడండి. సన్నటి పగుళ్లుంటే మిగతాది ఆరినా అక్కడ తడి గీతలా కనబడుతుంది.
* సింకు ముందూ వెనకా కనీసం రెండుమూడు అంగుళాల రాయి మిగిలేలా చూడండి. అతుకు సింకు మీదికి రానివ్వొద్దు.

ఇన్ని చూసుకున్నాక కూడా గ్రానైటే కావాలనిపిస్తే నిక్షేపంగా వేయించుకోండి. పాత బండకు పాలిష్ పట్టిస్తే చాలనిపిస్తే చిన్నతనంగా అనుకోనక్కర్లేదు. ఎక్కడో ముంబయిలో పేరు పెట్టి మరీ అడిగి వేయించుకునే రాయది!