పార్టీ కన్నా పొలం ముందు

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రానికి పడమటి అంచున చక్కెర దుంప, గోధుమ, సోయా పండే పల్లెసీమ ఉంది. 2016లో అక్కడి ఓటర్లు ట్రంప్‌కు 30 శాతానికి పైగా ఆధిక్యం ఇచ్చారు. అదే రోజు కాంగ్రెస్ సభ్యుడిగా మాత్రం డెమొక్రాట్ అయిన కాలిన్ పీటర్సన్‌నే గెలిపించారు.

పొలాల మధ్య పెరిగిన ఈ అకౌంటెంట్‌కు గెలుపు తేలిగ్గా దక్కలేదు. 1986లో కేవలం 121 ఓట్ల తేడాతో ఓడారు. 1990లో గెలిచాక 30 ఏళ్లు నిలిచారు. సొంత విమానం తానే నడుపుతూ నియోజకవర్గమంతా తిరిగేవారు.

వ్యవసాయ కమిటీ అధ్యక్షుడిగా ఆయన నడిపించిన 2008 వ్యవసాయ బిల్లును అధ్యక్షుడు బుష్ వీటో చేశారు. రెండు పార్టీల సభ్యులూ కలిసి ఆ వీటోను తోసిపుచ్చారు. మధ్యేమార్గానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం ఏముంటుంది?

ఒబామా ఆరోగ్య చట్టానికీ, 2019లో ట్రంప్ అభిశంసనకూ ఆయన వ్యతిరేకంగా ఓటేశారు. సొంత పార్టీలో చాలామంది నొచ్చుకున్నారు. ఆ కోపం అర్థం చేసుకోదగ్గదే. కానీ ఆయన్ను పంపింది పార్టీ కార్యాలయం కాదు, ఆ నియోజకవర్గ ఓటర్లు.

2020లో రిపబ్లికన్ మిషెల్ ఫిష్‌బాక్ చేతిలో ఓడారు. అప్పటికి ఆయన మళ్లీ వ్యవసాయ కమిటీ అధ్యక్షుడే.